సముద్రాన్ని ఇంటికి తెచ్చిన గాస్

డాక్టరు గారి గదిలోనో, హోటల్లోనో, బంధువుల ఇంట్లోనో గాజు తొట్టిలో ఈదే చేపలను మీరు చూసే ఉంటారు. దాన్ని అందరం ఆక్వేరియం అంటాం. ఆ తొట్టెల్లో చాలావాటిలో ఉండేది మంచినీరే. సముద్రపు జీవులను ఇంట్లో బతికించడం అంతకంటే కష్టమైన పని. సముద్రానికి దూరంగా ఉన్న ఇంట్లో కూడా ఆ పని చేయవచ్చునని చూపించినవారిలో ముఖ్యుడు, ఆక్వేరియం అనే మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఫిలిప్ హెన్రీ గాస్. ఈ పాఠంలో మీరు ఆయన జీవితాన్ని గురించి చదువుతారు. ఆయన చెప్పిన పద్ధతి నేడు మనకు ఎంతవరకు పనికివస్తుందో, ఆ పద్ధతి చివరకు ఆయనకే ఎందుకు బాధ కలిగించిందో కూడా తెలుసుకుంటారు.

గాస్ 1810లో ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. పెరిగింది మాత్రం పూల్ అనే రేవు పట్టణంలో. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి అమ్ముకునేవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. కొడుకును కళాశాలకు పంపే స్తోమత లేదు. 1827లో, పదిహేడేళ్ల వయసులో, గాస్ ఓడెక్కి న్యూఫౌండ్‌లాండ్ చేరి ఒక వర్తకుల కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. పగలంతా లెక్కల పుస్తకాలు రాయడం, మిగిలిన సమయంలో పురుగులను పట్టి పరిశీలించడం, ఇదీ ఆయన దినచర్య. 1832లో ఒక వేలంపాటలో సూక్ష్మదర్శినిని గురించిన పాత పుస్తకం కొన్నాడు. ఆయనకు గురువు ఎవరంటే ఆ పుస్తకమే అనాలి. ఇది చదువుతున్న మీలో కూడా బడి మధ్యలో మానేసి, పని చేసుకుంటూ చదువుకునేవారు ఉన్నారు కదా! గాస్ నేర్చుకున్నదీ అలాగే.

తరువాత కెనడాలో వ్యవసాయం చేశాడు, నష్టపోయాడు. అమెరికాలోని అలబామాలో కొన్నాళ్లు పంతులుగా పనిచేశాడు. 1839లో ఇంగ్లండుకు తిరిగివచ్చి, కెనడా ప్రకృతిని గురించి ఒక పుస్తకం రాసి 1840లో అచ్చువేయించాడు. అప్పటినుంచి రాతే ఆయన బతుకుతెరువు అయింది. 1844 నుంచి 1846 వరకు జమైకా దీవిలో పక్షులను పరిశీలించాడు. 1848లో ఎమిలీని వివాహం చేసుకున్నాడు. 1849లో వారికి ఎడ్మండ్ పుట్టాడు. ఆనాటి దినచర్య పుస్తకంలో గాస్ కొడుకు పుట్టిన సంగతి రాసి, దాని పక్కనే జమైకా నుంచి ఒక పిట్ట నమూనా అందిన సంగతి కూడా రాసుకున్నాడట! ఆయన ఎలాంటి మనిషో దీన్నిబట్టి మీకు కొంత అర్థమై ఉంటుంది.

పని ఎక్కువై గాస్ ఆరోగ్యం దెబ్బతింది. 1852లో భార్యాబిడ్డలతో లండను వదిలి డెవన్ సముద్రతీరానికి వెళ్లాడు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే. పోటు వెనక్కి తీసినప్పుడు రాళ్ల మధ్య చిన్న చిన్న మడుగులు మిగిలిపోతాయి. వాటిలో పువ్వుల్లా విచ్చుకునే జీవులుంటాయి. వాటిని ఎనిమోన్లు అంటారు. చూడటానికి పువ్వులే గానీ నిజానికవి జంతువులు. నీటిలోకి వచ్చిన చిన్న ప్రాణులను ముళ్లవంటి చేతులతో పట్టి మింగుతాయి. గాస్ సుత్తి, ఉలి పట్టుకుని, నడుములోతు నీటిలో దిగి గంటల తరబడి వాటిని సేకరించేవాడు. వాటిని ఇంట్లో బతికించి రోజూ చూడాలని ఆయన కోరిక.

అంతకుముందు ఈ ప్రయత్నం ఎవరూ చేయలేదా? చేశారు. 1846లో అన్నా థిన్ అనే ఆమె తీరం నుంచి పగడపు జీవులను లండనుకు తెచ్చి గిన్నెలో పెంచింది. నీటికి గాలి తగలాలి కాబట్టి ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోకి పోస్తూ ఉండేది. 1850లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో రెండు బంగారు చేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి ఉంచి, నీరు మార్చకుండానే వాటిని నిలబెట్టవచ్చునని చూపాడు. గాస్ ఇదే సూత్రాన్ని సముద్రపు నీటిలో పట్టుదలగా ప్రయోగించాడు.

ఆ సూత్రం ఏమిటో చూద్దాం. జంతువులు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. మొక్కలు వెలుతురులో బొగ్గుపులుసు వాయువును తీసుకుని ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రెండూ తగుపాళ్లలో ఉంటే ఒకదానికొకటి ఊపిరి అందిస్తాయి. తొట్టి పెట్టేవారు చేసే తప్పు గాస్‌కు బాగా తెలుసు. మొదటిరోజే జంతువులను నింపేస్తారు. ఆయన మొదట నాచును పెట్టమనేవాడు. అదీ పీకి తెచ్చిన నాచు కాదు. సముద్రపు నాచుకు వేళ్లుండవు, అది రాతిని అంటుకుని పెరుగుతుంది. అందుచేత అది అంటుకున్న రాతిముక్కతో సహా ఉలితో చెక్కి తేవాలి. గోధుమరంగు నాచులు జిగురు కార్చి నీటిని పాడుచేస్తాయి. పల్చని ఆకుపచ్చ నాచు మేలు. అది కుదురుకున్నాకే జంతువులు, అవీ కొద్దిగా. ఇక చచ్చినదాన్ని వెంటనే తీసివేయాలి. చచ్చిన నత్త ఒక్కటి నీటిలో మిగిలిపోయినా తెల్లవారేసరికి తొట్టి అంతా కుళ్లు వాసన కొట్టవచ్చు.

నీటి సంగతి ఏమిటి? లండనులో సముద్రపు నీరు ఎక్కడిది? మొదట్లో ఓడలవారికి నాలుగు డబ్బులిచ్చి, నదీముఖం దాటిన తరువాత సముద్రంలో నీరు పట్టించి తెప్పించుకునేవారు. ఇది అందరికీ సాధ్యం కాదు. సముద్రపు నీటిని విశ్లేషించిన రసాయన శాస్త్రజ్ఞుల లెక్కలు ముందుంచుకుని గాస్ కృత్రిమంగా ఆ నీటిని తయారుచేసి, 1854లో ఆ వివరం ప్రకటించాడు. నాలుగున్నర లీటర్లకు కొంచెం తక్కువ నీటిలో సుమారు 100 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల ఎప్సమ్ ఉప్పు, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడు కలపాలి. ఇందులో సముద్రపు నీటిలోని పదార్థాలన్నీ లేవు. అయినా చాలా జీవులు అందులో బతికాయి. మీరు మాత్రం వంటింటి అయోడైజ్డ్ ఉప్పుతో ఈ ప్రయోగం చేయకండి. ఇప్పుడు ఇందుకోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమాలు దొరుకుతున్నాయి.

1853 మే నెలలో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. ప్రజలకోసం వెలసిన మొదటి ఆక్వేరియం అదే. దానికి గాస్ తీరం నుంచి జీవులను సేకరించి పంపాడు. 1854లో ‘ది ఆక్వేరియం’ అనే ఆయన పుస్తకం వెలువడింది. రంగుల బొమ్మలను స్వయంగా గీశాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. గాజుమీద పన్ను 1845లోనే రద్దయినందున తొట్టెలు చౌక అయ్యాయి. రైళ్లు తీరానికి జనాన్ని మోసుకెళ్లాయి. ఇంకేముంది! ఇంటింటా సముద్రపు తొట్టి ఒక మోజు అయింది. మన దేశంలో 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్రజీవుల ప్రదర్శనశాల తెరిచారు.

ఇక్కడ ఒక్క నిమిషం పుస్తకం మూసి ఆలోచించండి. గాస్ కాలంలో చాలా తొట్టెలు కొన్ని వారాలకే ఎందుకు పాడయ్యాయి?

ప్రాణవాయువు ఒక్కటే చాలదు. జంతువుల విసర్జనలోనుంచి, తినక మిగిలిన మేతలోనుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. రాళ్లమీద, ఇసుకలో నివసించే కొన్ని బాక్టీరియాలు దాన్ని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ పని బాక్టీరియాలదని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1877లో. గాస్ పుస్తకం అప్పటికి 23 ఏళ్ల పాతది. కారణం తెలియకపోయినా, తొందరపడవద్దని, తక్కువ జీవులను ఉంచాలని ఆయన చెప్పినది సరిగ్గానే సరిపోయింది.

కాబట్టి తక్కువ శ్రమతో ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టదలచినవారు చిన్న తొట్టి సులభమని అనుకోకూడదు. నీరు ఎక్కువగా ఉంటే మార్పులు నెమ్మదిగా వస్తాయి. 100 లీటర్ల తొట్టిలో జరిగే పొరపాటును సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది, 10 లీటర్ల తొట్టిలో ఉండదు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. నీరు, ఇసుక, రాళ్లు, గాలిమోటారు అమర్చి, బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అమ్మోనియా, నైట్రైటు లేవని పరీక్షించి చూశాకే ఒకటి రెండు చేపలను వదలాలి. గాజుమీద నీటిమట్టం దగ్గర గీత గీయండి. నీరు ఆవిరైపోయినప్పుడు ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది, అందువల్ల గీతదాకా మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు. కుళాయి నీరైతే అందులోని క్లోరిను పోయిన తరువాతే వాడాలి. ఎండ నేరుగా పడేచోట తొట్టిని ఉంచవద్దు. మన వేసవిలో ఇది మరీ ముఖ్యం, వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. మేత ఎంత తక్కువ వేస్తే శుభ్రం చేసే పని అంత తక్కువ.

మళ్లీ గాస్ దగ్గరకు వద్దాం. 1856లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మరుసటి సంవత్సరం ఆయనకు కలిసిరాలేదు. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ కాన్సరుతో మరణించింది. అదే ఏడాది భూమి వయసును గురించి తన మతవిశ్వాసానికి తగినట్లు రాసిన పుస్తకాన్ని శాస్త్రజ్ఞులూ అంగీకరించలేదు, భక్తులూ మెచ్చలేదు. ఆయన ఎనిమిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని డెవన్ తీరంలోని సెయింట్ మేరీచర్చ్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. తండ్రీకొడుకులు మడుగుల పక్కన వంగి గంటలు గడిపేవారు. బ్రిటిష్ తీరపు ఎనిమోన్లను గురించి 1858, 1860 మధ్య ఆయన వెలువరించిన గ్రంథం ఆ పరిశీలన ఫలమే.

ఆ మడుగులకే ముప్పు వచ్చింది. గాస్ పుస్తకాలు చదివి, ఆయన చెప్పినట్లే సుత్తులు, ఉలులు, జాడీలు పట్టుకుని జనం గుంపులు గుంపులుగా తీరాలమీద పడ్డారు. చెక్కినవాటిలో ఎన్ని ఇంటిదాకా బతికాయో, బతికినవి ఎన్నాళ్లు నిలిచాయో ఊహించుకోండి! కొన్నేళ్లలో మడుగులు బోసిపోయాయి. తన పుస్తకాల ఆదరణే ఇందుకు కారణమని గ్రహించి గాస్ ఎంతో నొచ్చుకున్నాడు. ఆయన దురాశాపరుడు కాడు, ప్రతి జీవినీ భక్తితో చూసినవాడు. కాని ఒక్కడు జాగ్రత్తగా చేసిన పనిని వేలమంది ఒకేచోట చేస్తే ఏమవుతుందో ఆయన ముందుగా ఊహించలేదు. ఈ విషయంలో ఆయన తప్పు లేదని నేననను.

మన తీరాల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు 2001లో పగడాలను, సముద్రగుర్రాలను కూడా చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా దుకాణదారుడు తొట్టి అందం కోసం పగడపు రాయి ఇస్తానంటే తీసుకోకండి. నారింజరంగు మీద తెల్లచారలుండే క్లౌన్ చేపలను సముద్రం నుంచి పట్టకుండా తొట్టెల్లోనే పిల్లలు చేయించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. చేపను కొనేటప్పుడు అది తొట్టెలో పుట్టినదా, సముద్రంలో పట్టినదా అని అడగండి.

గాస్ 1860లో ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహం చేసుకున్నాడు. తరువాతి కాలంలో పూలమొక్కలు పెంచాడు, కంటికి కనిపించని నీటిప్రాణులను గురించి రాశాడు, రాత్రులు దూరదర్శినితో నక్షత్రాలను చూశాడు. 1888 ఆగస్టులో మరణించాడు. కొడుకు ఎడ్మండ్ పేరున్న రచయిత అయ్యాడు. 1907లో తండ్రిని గురించి, తన బాల్యాన్ని గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. తాను చిన్నప్పుడు తండ్రి పక్కన వంగి చూసిన మడుగులు ఎంత నిండుగా ఉండేవో, ఆ తరువాత అవి ఎలా ఖాళీ అయిపోయాయో అందులో రాశాడు.