సిఫారసు ఎవరికి?

డాక్టర్ జాకబ్ ఛేంబర్లేన్ 1835లో అమెరికాలో పుట్టి, ఆర్కాట్ మిషన్ సేవకునిగా మదనపల్లెలో ఏళ్ల తరబడి పరిచర్య చేశారు. రోగులకు మొదట వాక్యం చదివి, ప్రార్థించి, ఆ తర్వాతే మందు ఇచ్చేవారు. రోజూ అదే క్రమం. తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులయ్యారు. పుంగనూరుకూ కుప్పానికీ పొరుగునున్న పలమనేరులో సేవకుల శిక్షణకు వేదాంత పాఠశాల నిలిచేలా అమెరికా సంఘాల్లో నిధి కూడబెట్టారు. 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించారు.

నేడు మన సంఘపు యువకుణ్ని నడత విషయమై సెమినరీ మందలిస్తే, మనం సిఫారసుకు పరుగెత్తుతున్నాం. రేపు మన రోగుల మంచం పక్కన ప్రార్థించవలసింది అతడే. ఆ దిద్దుబాటు జరగనిద్దాం. అతని కోసం మోకరిద్దాం.