కెప్టెన్ స్కాట్ – మొరాయించిన మంచు బండ్లు



పోయిన ఆదివారం రెండో పూజకు నేను గంటన్నర ఆలస్యంగా చేరిన సంగతి మా ఉపవిచారణవారు మరచిపోయి ఉండరు. తప్పు నాది కాదు, జీపుది. చెరువుకట్ట ఎక్కుతుండగా రేడియేటరు మరిగి ఆవిరి కక్కింది. ఈ రోగం దానికి పాతదే. రేడియేటరు బాగుచేయిస్తే ఫ్యాను బెల్టు తెగుతుంది. బెల్టు మారిస్తే సెల్ఫు పట్టదు. సెల్ఫు పట్టిన రోజున క్లచ్చి జారుతుంది. ఎక్కేటప్పుడు పదిమంది ఎక్కుతారు, దిగి తోయవలసి వచ్చేసరికి ఉపదేశిగారూ, ఇద్దరు బడిపిల్లలూ మాత్రమే మిగులుతారు. ఆ కట్టమీద మెకానిక్కు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నాకు కెప్టెన్ స్కాట్ గుర్తుకొచ్చాడు. దక్షిణ ధ్రువానికి వెళ్ళి తిరిగిరాని ఆంగ్లేయుడని ఆయన గురించి మీరు చిన్నప్పుడు పాఠంలో చదివే ఉంటారు. ఆ పాఠాలలో ఆయన మోటారు బండ్ల ప్రస్తావన సాధారణంగా ఉండదు. ఈ వారం దాన్నే చెప్పుకుందాం.

రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ 1868 జూన్ 6న ఇంగ్లండులోని డెవన్‌పోర్ట్ అనే ఓడరేవు పట్టణంలో పుట్టాడు. పదమూడేళ్ళకే నౌకాదళ శిక్షణలో చేరాడు. తండ్రి ఉన్న ఆస్తి పోగొట్టుకుని 1897లో చనిపోవడంతో తల్లీ అక్కచెల్లెళ్ళ భారం కొడుకులమీద పడింది. స్కాట్ జీతంలోంచి ఇంటికి పంపి తాను పొదుపుగా బతికేవాడు. నౌకాదళంలో ఆయన ఎన్నుకున్నది టార్పెడో శాఖ. అంటే యంత్రాల పని. యంత్రమంటే ఆయనకు భయం లేదు, పైగా నమ్మకం. ఈ మాట గుర్తుంచుకోండి.

1901లో డిస్కవరీ అనే ఓడకు నాయకుడిగా ఆయన మొదటిసారి దక్షిణ మంచుఖండానికి వెళ్ళాడు. 1904లో తిరిగివచ్చాడు. ఆ ఓడలో ఇంజనీరు రెజినాల్డ్ స్కెల్టన్, బొగ్గు వేసే పనివారిలో ఒకడు విలియం లాష్లీ. 1903 డిసెంబరులో స్కాట్, లాష్లీ, ఎడ్గార్ ఎవాన్స్ ముగ్గురే స్లెడ్జి లాక్కుని వస్తుండగా స్కాట్, ఎవాన్స్ మంచు చీలికలోకి జారిపోయి తాళ్ళకు వేలాడారు. పైన మిగిలిన లాష్లీ స్లెడ్జిని గట్టిగా పట్టి నిలిపాడు కాబట్టి ఇద్దరూ బతికి పైకి రాగలిగారు. మొదటి యాత్రలోనే స్కాట్‌కు ఇంకొకటి కూడా తెలిసింది. మనిషి నడుముకు పట్టీ కట్టుకుని స్లెడ్జి లాగడం ఎంత ప్రాణాంతకమో. రెండోసారి వెళితే ఆ బరువు యంత్రం లాగాలని ఆయన కోరుకున్నాడు. మంచి కోరికే.

అప్పటికే షాకిల్టన్ అనే మరో నాయకుడు 1908లో ఒక మోటారు కారును మంచుఖండానికి తీసుకువెళ్ళి ఉన్నాడు. గట్టి సముద్రపు మంచుమీద అది పరుగెత్తింది, మెత్తని మంచులో చక్రాలు కూరుకుపోయాయి. అందుచేత స్కాట్, స్కెల్టన్ చక్రాల ఆలోచన వదిలేశారు. ఇరువైపులా గొలుసు పట్టాలు తిరిగే బండిని తయారుచేయించారు. మనం రోడ్డుపనుల దగ్గర చూసే పొక్లెయినుకూ, యుద్ధ ట్యాంకుకూ ఉండేలాంటి పట్టాలు. ఇప్పుడు వింతగా లేదు కానీ ఆ రోజుల్లో అది కొత్త సంగతి. వోల్స్‌లీ కంపెనీ మూడు బండ్లు కట్టింది. ఒక్కొక్కదానికి సుమారు 1000 పౌండ్లు అయ్యాయి. ఆ చలికి నీళ్ళు గడ్డకడతాయి గనుక గాలికే చల్లబడే ఇంజను పెట్టారు. స్టీరింగు చక్రం లేదు. ఒకడు ముందు నడుస్తూ తాడు పట్టి లాగి దారి తిప్పాలి. మనిషి నడకకన్నా పెద్ద వేగమూ లేదు.

1910 మార్చిలో నార్వేలోని ఫెఫోర్ అనే చోట బండిని పరీక్షించారు. అక్కడే ఇరుసు విరిగింది. ట్రిగ్వే గ్రాన్ అనే నార్వే కుర్రవాడు విరిగిన ముక్కలను వీపున వేసుకుని, మంచుపలకలమీద జారుతూ వెళ్ళి, బాగుచేయించి ఆ రోజే తెచ్చాడు. స్కాట్ ఆ కుర్రవాణ్ణి మెచ్చుకుని యాత్రలో చేర్చుకున్నాడు. బండి మొదటిసారి విరగడాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. విరిగింది, అతుక్కుంది, నడిచింది. మనమూ అంతే గదా.

ఇక్కడ చిన్న సంగతి ఒకటి జరిగింది. చిన్నదని ఎందుకు అంటున్నానంటే, అప్పటికి అది అలాగే కనిపించింది. ఆ బండ్ల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన స్కెల్టన్ యాత్రకు రావడానికి సిద్ధంగా ఉన్నాడు. అయితే స్కాట్ తరువాతి స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ టెడ్డీ ఎవాన్స్ అభ్యంతరం చెప్పాడు. (ముందు చెప్పిన ఎడ్గార్ ఎవాన్స్ వేరు, ఈయన వేరు.) స్కెల్టన్ హోదా తనకన్నా పెద్దది. తనకన్నా పెద్ద హోదావాడు తన కింద పనిచేస్తే కుదరదని ఆయన వాదన. ఎవాన్స్ తన సొంత యాత్ర మానుకుని స్కాట్‌తో కలిసినవాడు. ఆయన్ను నొప్పించడం స్కాట్‌కు ఇష్టం లేకపోయింది. స్కెల్టన్‌ను వదిలేశారు. స్కెల్టన్ మనసు ఎంతో నొచ్చుకుంది. బండ్లు మాత్రం ప్రయాణమయ్యాయి.

పాఠకులారా, ఈ భాగం రాస్తుంటే నాకు చేతులు ఆడటం లేదు. ఎందుకంటే ఈ జీపుకు ఇంతకుముందు ఒక డ్రైవరు ఉండేవాడు. చదువు లేదు. ఇంజను చప్పుడు విని రేపు ఏది పోతుందో ఈ రోజే చెప్పేవాడు. ఒకసారి సంఘపెద్దల ముందు నా మాటకు అడ్డుచెప్పాడు. కొండవైపు ఉన్న ఊరికి ఆ టైర్లతో వెళ్ళకూడదన్నాడు. అతను చెప్పింది నిజమే. నిజమే అయినా నలుగురిలో చెప్పాడని నాకు కోపం. ఆ నెలాఖరుకు లెక్క చూసి పంపేశాను. సెమినరీలో అరిస్టాటిల్ దగ్గర చదువుకున్న వివేకం అనే సుగుణం ఆ రోజున నాకు అక్కరకు రాలేదు. పాత సంగతే, ఇప్పుడు ఎందుకంటే, ఎవాన్స్‌ను తప్పుపట్టే ముందు ఇది చెప్పకపోతే బాగుండదు.

మళ్ళీ కథలోకి వద్దాం. టెర్రానోవా ఓడ 1910 జూన్‌లో ఇంగ్లండు వదిలింది. 1911 జనవరిలో మంచుఖండం చేరి సామాను దించసాగారు. రెండు బండ్లు క్షేమంగా దిగాయి. జనవరి 8, ఆదివారంనాడు మూడోదాన్ని దించి, మెత్తబడ్డ సముద్రపు మంచుమీదుగా తాళ్ళతో ఒడ్డుకు లాగుతుండగా మంచు విరిగి బండి సముద్రంలో పడిపోయింది. అది కొత్త బండి, ఒక్క మైలు పనిచేయలేదు.

మిగిలిన రెండింటికీ బెర్నార్డ్ డే, లాష్లీ కాపలాదారులు. డే అంటే షాకిల్టన్ కారును నడిపినవాడే. చలికాలమంతా గడిచాక, 1911 అక్టోబరులో ప్రయాణానికి వారంముందు బండ్లను మంచుమీదికి దింపుతుంటే ఒకదాని ఇరుసు పెట్టె పగిలింది. అది అల్యూమినియంతో చేసినది. డే, లాష్లీ రాత్రింబవళ్ళు కూర్చుని అతికారు. అక్టోబరు 24న రెండు బండ్లూ సామాను స్లెడ్జీలు లాక్కుంటూ కదిలాయి. టెడ్డీ ఎవాన్స్, డే, లాష్లీ, హూపర్, ఈ నలుగురే వాటి వెంట. స్కాట్‌కు ఆ రోజు ఎంతో ఆశ.

ఆ తరువాత జరిగింది జీపులున్న గురువులకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు. ఉదయం ఇంజనును బ్లోల్యాంపుతో వేడిచేస్తేగాని స్టార్టు కాదు. స్టార్టయ్యాక కాసేపటికే వేడెక్కిపోతుంది. ఆపి చల్లారనివ్వాలి. చల్లారేలోగా కార్బురేటరు గడ్డకట్టినంత చల్లబడుతుంది. దాన్ని మళ్ళీ వేడిచేయాలి. ఒకే ఇంజనులో వెనక సిలిండర్లు కాలిపోతుంటే ముందువి చలికి బిగుసుకున్నాయట. అర మైలు పరుగు, అరగంట ఆగడం. ఇంతలో ఒక బండిలో క్రాంకు షాఫ్టును పట్టుకునే బిగ్ ఎండ్ బేరింగు పోయింది. మన షెడ్డుల్లో కూడా ఇంజను దించి చేయవలసిన పని అది. వాళ్ళు ఆ గాలిలో, చేతితొడుగులు తీస్తే వేళ్ళు ఇనుముకు అంటుకునే చలిలో, విప్పి మార్చారు. ఒక్కటే స్పేరు ఉంది. అది అయిపోయింది. కొద్దిరోజుల్లోనే మరో బేరింగు పోయింది. ఆ బండిని అక్కడే వదిలేశారు. రెండోది నవంబరు 1న కార్నర్ క్యాంపు దాటిన మైలు దూరంలో అదే జబ్బుతో ఆగిపోయింది. బయలుదేరి తొమ్మిదో రోజు. సుమారు 50 మైళ్ళు నడిచాయి.

వెనక గుర్రాలతో వచ్చిన స్కాట్ ఆ బండ్లను దారిలో చూశాడు. డైరీలో ఆయన రాసుకున్నది కాస్త ఆశ్చర్యం కలిగిస్తుంది. తప్పు ఇంజనుదే, దాన్ని సరిదిద్దవచ్చు, పట్టాలమీద నడిచే పద్ధతి మాత్రం బాగానే ఉంది అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆయన అన్నది నిజమైంది. కొన్నేళ్ళకే యుద్ధభూమిలో ట్యాంకులు పట్టాలమీదే నడిచాయి. అయితే ఆ రోజున పాడైన బండి దగ్గర నిలబడిన నలుగురికి ఆ మాటవల్ల బరువేమీ తగ్గలేదు.

బండి ఆగినచోట నలుగురూ నడుములకు పట్టీలు కట్టుకున్నారు. బండి లాగవలసిన సామానులో మోయగలిగినంత తామే లాగారు. సుమారు 150 మైళ్ళు అలా లాగి, చెప్పినచోటికి నవంబరు 15కే చేరి, స్కాట్ కోసం ఆరు రోజులు ఎదురుచూశారు. డే, హూపర్ తరువాత వెనక్కి మళ్ళారు. టెడ్డీ ఎవాన్స్, లాష్లీ మాత్రం ముందుకే. గుర్రాలు చివరి వరకు రాలేదు, డిసెంబరు 9న మిగిలినవాటిని చంపేశారు. అప్పటినుండి అందరూ మనుషులే గుర్రాలు. అందరూ లాగడం మొదలుపెట్టేసరికి ఈ ఇద్దరూ అప్పటికే ఇంచుమించు 40 రోజులు లాగి ఉన్నారు.

1912 జనవరి 4న స్కాట్ నలుగురిని తోడు తీసుకుని ధ్రువం వైపు వెళ్ళాడు. టెడ్డీ ఎవాన్స్, లాష్లీ, టామ్ క్రీన్ ముగ్గురూ వెనక్కి తిరిగారు. దారిలో ఎవాన్స్‌కు స్కర్వీ రోగం వచ్చింది. కాళ్ళు నల్లబడ్డాయి, నిలబడలేడు. తనను వదిలి పొమ్మని ఆజ్ఞాపించాడు. ఇద్దరూ ఆ ఆజ్ఞను పాటించలేదు. స్లెడ్జిమీద కట్టి లాగారు. ఫిబ్రవరి 18న ఇక లాగలేని స్థితిలో, క్రీన్ మూడు బిస్కెట్లూ రెండు చాక్లెట్ ముక్కలూ జేబులో వేసుకుని ఒంటరిగా 35 మైళ్ళు నడిచి సాయం పిలిచాడు. సుమారు 18 గంటలు పట్టింది. క్రీన్ ఐర్లాండులోని కెర్రీ ప్రాంతపు కతోలిక రైతుబిడ్డ. గుడారంలో ఎవాన్స్‌ను కంటికి రెప్పలా చూసుకున్నది లాష్లీ. ఇంజనీరును వద్దన్న అధికారిని, ఆ ఇంజనీరు లేని బండికి వేళ్ళు కొరికించుకున్న కార్మికుడే బతికించాడు.

వానాకాలం ఒక రాత్రి రోగి అభ్యంగనానికి వెళుతుండగా మా జీపు వాగు దగ్గర ఆగింది. నాలుగు మైళ్ళు బురదలో నడిచాం. నేను సమయానికి చేరాను, ఆ పెద్దమ్మ ప్రశాంతంగా కన్నుమూసింది. నా సంచీ మోసిన ఉపదేశిగారికి అరవై దాటాయి. ఆయన పదిరోజులు జ్వరంతో మంచం పట్టారు. జీపు రిపేరు ఖర్చు విచారణ లెక్కల పుస్తకంలో ఉంది. ఆ పదిరోజులు ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు.

స్కాట్ కథ మీకు తెలిసినదే. జనవరి 17న ధ్రువం చేరేసరికి నార్వేవాడు అముండ్సన్ జెండా అక్కడ ఉంది. ఆయన 1911 డిసెంబరు 14నే, కుక్కలతో వచ్చి వెళ్ళాడు. తిరుగుదారిలో ఎడ్గార్ ఎవాన్స్, తరువాత ఓట్స్ చనిపోయారు. దారిలో దాచిన డబ్బాల్లో కిరసనాయిలు ఉండవలసినంత లేదు. మూతకు వేసిన తోలు వాషర్లు చలికి ఎండి, నూనె ఆవిరైపోయింది. డబ్బాలు కారడం స్కాట్ మొదటి యాత్రలోనే చూశాడు. వాషరు మార్పించాడు, సరిపోతుందనుకున్నాడు. అముండ్సన్ తన డబ్బాల మూతలకు టంకం పెట్టించాడు. మార్చి చివర స్కాట్, విల్సన్, బౌవర్స్ ముగ్గురూ తుఫానులో చిక్కి గుడారంలోనే చనిపోయారు. తిండీ నూనే ఉన్న చోటు అక్కడికి 11 మైళ్ళ దూరంలో ఉంది. 1912 నవంబరు 12న వారి దేహాలు దొరికాయి.

భార్య క్యాథ్లీన్ భర్తకు ఎదురువెళ్ళాలని ఓడెక్కింది. 1913 ఫిబ్రవరిలో నడిసముద్రంలో ఆమెకు కబురు అందింది. అప్పటికి ఆయన చనిపోయి పదకొండు నెలలు. పిల్లవాడికి వీలైతే ప్రకృతిమీద ఆసక్తి కలిగించమని చివరి ఉత్తరంలో రాశాడు. ఆ పిల్లవాడు పీటర్ స్కాట్ పక్షుల శాస్త్రజ్ఞుడై, 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధిని స్థాపించినవారిలో ఒకడయ్యాడు.

టెడ్డీ ఎవాన్స్ అడ్మిరల్ అయ్యాడు, ప్రభువు బిరుదు పొందాడు. స్కెల్టన్ కూడా నౌకాదళంలో పెద్ద పదవికి ఎదిగాడు. లాష్లీకి, క్రీన్‌కు ప్రాణరక్షణకు ఇచ్చే ఆల్బర్ట్ పతకం దక్కింది. లాష్లీ ఉద్యోగ విరమణ తరువాత సొంత ఊరు హాంబుల్డన్‌లో ఇల్లు ఏర్పరచుకుని దానికి మిన్నా బ్లఫ్ అని పేరు పెట్టాడు. అది మంచుఖండంలో ఆ దారినపోయేవారికి చాలా దూరంనుండి కనిపించే కొండకొమ్ము పేరు. ఆ ఇంట్లోనే ఉంటూ 1940లో చనిపోయాడు.

మెకానిక్కు రేడియేటరుకు మాటు వేశాడు. మా పాత డ్రైవరు ఇప్పుడు పక్క మండలంలో ట్రాక్టరు నడుపుతున్నాడని ఉపదేశిగారు చెప్పారు. ఈ శనివారం వెళ్ళి చూద్దామనుకుంటున్నాను, బస్సులో.