చేతికి వచ్చిన తుపాకి

ఆయుధము చేపట్టుట యొకటి. ఆయుధమునకు అర్హుడగుట వేఱొకటి. ఈ రెంటికిని గల భేదమును తన జీవితముచేత మన తెలుగునాట చూపి చనిన పురుషుడు అల్లూరి సీతారామరాజు. ఆతని కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా ఆతని పేర ఒక జిల్లా వెలసినది. ఆ యేడే జులై 4వ తేదీన భీమవరమున ఆతని 30 అడుగుల కంచు విగ్రహము ఆవిష్కృతమైనది. విగ్రహములును జిల్లాలును ఉండదగినవే. కాని ఆ కథలో సామాన్యముగా ఎవరును నిలిచి చూడని ఘట్టమొకటి కలదు. విల్లంబులతోడను పాతకాలపు నాటు తుపాకులతోడను వేటాడుటయే తప్ప సర్కారు తుపాకి పట్టి యెఱుగని మన్యపువారు, 1922 ఆగస్టులో మూడు దినములలోపల తుపాకిధారులైరి. ఆ తుపాకులతో వారేమి చేసిరి, వారి నాయకుడు వారిచేత ఏమి చేయనీయక ఆపెను అనునదే నేడు మా ప్రస్తావము.

విశాఖపట్టణపు కంచరపాలెమున నుండి దీనిని వ్రాయుచున్నాము. కంచరి యనగా కంచుతోడను ఇత్తడితోడను పనిచేయువాడు. ఆ మాటను పేరున దాల్చిన ఈ పేటలో నేడు ప్రభుత్వ పాలిటెక్నిక్కు కలదు. బాలురు అచ్చట ఇనుముతోడను యంత్రముతోడను తొలి పరిచయము చేసికొనుచున్నారు. యంత్రశాలలో క్రొత్తవానికి మంచి గురువు మొట్టమొదట నేర్పునది యంత్రమును ఆపుట. నడుపుట తరువాతి పాఠము. తుపాకి విషయమునను విధి యిదియే. ఎన్.సి.సి. దళములలో చేరిన విద్యార్థి .22 తుపాకితో గురికొట్టుటకు ముందు కొన్ని కట్టుబాట్లు నేర్చుకొనవలెను. ప్రతి తుపాకియు నిండియున్నదనియే తలపవలెను. గొట్టము ఎల్లప్పుడును గురివైపే యుండవలెను. గురి కుదురువఱకు వ్రేలు మీటను తాకరాదు. ఇవి యన్నియు చేతికి పెట్టిన కళ్లెములే యని పాఠకులు గమనింపగలరు.

తొలిసారి తుపాకి పేల్చువానికి కలుగు అనుభవమును ఎఱిగినవారు మనలో కొలదిమందియే యుందురు. శబ్దమునకు ముందే దేహము బెదరును. కన్ను మూతపడును. మెల్లగా నొత్తవలసిన మీటను వ్రేలు గుంజును. గొట్టము క్రిందికి వ్రాలి తూటా గురి దప్పును. పేలిన తరువాత తుపాకి వెనుకకు దన్నును. ఆ తన్నునకు జడిసి రెండవమాఱు మఱింతగా గుంజును. పొడుగు తుపాకికి భుజము ఆధారముగానైన నున్నది. అధికారులు నడుమున కట్టుకొను రివాల్వరు వంటి పొట్టి ఆయుధమునకు అదియును లేదు. గొట్టము పొట్టిదగుటచేత చేతియొద్ద వెంట్రుకవాసి తొలగినను గురియొద్ద జానెడు తొలగును. ఈ బెదరునకు మందు అభ్యాసమొక్కటే. అభ్యాసమునకు తూటాలు కావలెను. శిక్షణశాలలో ఒక తూటా వ్యర్థమైన మఱియొకటి దొరకును. మన్యములో దొరకదు. ఈ చిన్న లెక్కను పాఠకులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము.

మన దేశీయులు ఆయుధవిద్యలో ఇంత క్రొత్తవారగుటకు కారణము లేకపోలేదు. 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుటను భారతీయులకు నిషేధించి, ఐరోపావారిని ఆ నిబంధనకు వెలిగా నుంచినది. పంట మేయు అడవిపందిని తరుముటకు తుపాకి కావలసిన రైతు సయితము సర్కారువారి అనుమతికై వేచియుండవలసినదే. రెండు తరములవారు ఆ చట్టము క్రింద పెరిగిరి. స్వతంత్ర భారతమున 1959లో దాని స్థానమున వేఱొక చట్టము వచ్చువఱకు ఆ చట్టము నిలిచియుండెను. లైసెన్సు నేడును కావలెను. కాని జాతినిబట్టి భేదము లేదు.

సీతారామరాజు 1897 జులై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లాలోని పాండ్రంగి గ్రామమున, మాతామహుల యింట జన్మించెను. తండ్రి వేంకటరామరాజు ఛాయాచిత్రకారుడు, తల్లి సూర్యనారాయణమ్మ. బాల్యముననే తండ్రి గతించుటచే పినతండ్రి రామకృష్ణంరాజు కుటుంబభారమును వహించెను. బాలుని చదువు ఒకచోట నిలువలేదు. నరసాపురము, కాకినాడ, తుని మొదలగు పట్టణములలో కొంత కొంత సాగినది. మన విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలకు చెందిన ఉన్నత పాఠశాలయందును ఆతడు కొంతకాలము చదివెను. పరీక్షలలో ఆతనికి రాణింపు లేదు. గుఱ్ఱపు స్వారియందును, జ్యోతిషమునందును, మూలికావైద్యమునందును ఆసక్తి మిక్కుటము. 1916లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరెను. తిరిగివచ్చి కృష్ణదేవిపేటను నివాసముగా జేసికొని సన్న్యాసివలె నుండెను. సైనికశిక్షణ ఆతని జీవితమున ఎచ్చటను కానరాదు.

మన్యపువారికి ఆతడు మొదట వైద్యుడు, హితోపదేశకుడు. సహాయనిరాకరణ దినములలో ఆతడు వారిచేత కల్లు మాన్పించెను. కోర్టులకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడని బోధించెను. ఆ ప్రజల కష్టములు ఆనాటికే పండియుండెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డువచ్చెను. తాతలనాటినుండి తమదైన అడవిలో కట్టెపుల్ల విఱుచుటయు నేరమాయెను. పూర్వము గౌరవముతో బ్రతికిన ముఠాదారుల అధికారము క్షీణించెను. నర్సీపట్నమునుండి లంబసింగికి వేయు రోడ్డుపనిలో గూడెము తహసీలుదారు బాస్టియను కూలీలకు సరియైన కూలి ముట్టనీయకుండెను. గాము గంతన్న దొర, ఆతని తమ్ముడు మల్లు దొర మొదలగువారు ఈ బాధలకు గుఱియైనవారే. వారును రాజును కలిసిరి. శాంతిబోధ చేసిన సన్న్యాసి అటుపై ఆయుధమునకు చేయి చాచెను.

1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణా పట్టుబడినది. అచ్చట 11 తుపాకులు దొరికినవి. 23వ తేదీన కృష్ణదేవిపేటలో 7, 24వ తేదీన రాజవొమ్మంగిలో 8. వెరసి 26. తూటాలు రమారమి 2,500. తాము తీసికొనిపోయిన వస్తువుల పట్టికను రాజు ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసి పోయెను. దొంగ సొమ్ము దాచును. ఇతడు రసీదు ఇచ్చెను. యుద్ధము ప్రకటించినవాని నడవడి యిది.

ఇక లెక్క చూతము. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచిన తుపాకికి నూఱైనను రావు. క్రొత్తవాని చేయి కుదురుటకే ఒక్కొక్కనికి పదులకొలది తూటాలు కావలెను. అభ్యాసము చేసిన పోరాటమునకు తూటా యుండదు; చేయనిచో పోరాటమున చేయి కుదురదు. ఈ చిక్కునుండి బయటపడుటకు రాజునకు మూడే సాధనములుండెను. కొండలు ఎఱిగిన కాళ్లు, వేటలో ఓర్పు నేర్చిన కన్నులు, నాయకుని మాట దాటని కట్టుబాటు. మొదటి రెండును మన్యపువారికి పుట్టుకతో వచ్చినవి. మూడవది ఆతడు నాటినది.

ఆ కట్టుబాటు ఎంతటిదో 1922 సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో లోకమునకు తెలిసినది. స్కాట్ కవార్డు, హైటరు అను ఇద్దరు తెల్ల అధికారులు దళముతో ఆ ఇరుకు దారిని వచ్చుచుండిరి. పైన పొదలలో రాజు మనుష్యులు పొంచియుండిరి. ముందు నడచిన దేశీయ పోలీసులు వారి గురిలోనికి వచ్చిరి, పోయిరి. ఒక్క తుపాకియు పేలలేదు. వెనుక అధికారులు వచ్చిన తరువాతనే పేలినవి, వారిద్దఱును మరణించిరి. పాఠకులు ఒక్క నిమేషము ఆలోచింతురుగాక. తుపాకి చేపట్టి నెల దాటినది, గుండె కొట్టుకొనుచున్నది, శత్రువు దుస్తులు ధరించినవాడు గురిలో నున్నాడు, మీటపై వ్రేలున్నది. అయినను వానిని పోనిచ్చిరి, కూటికై కొలువు చేయు మన దేశీయుడని. గురి కొట్టుట అభ్యాసముచే వచ్చును. గురిలో నున్నవానిని విడుచుట ధర్మబుద్ధిచే మాత్రమే వచ్చును. అక్టోబరు 15వ తేదీన అడ్డతీగల ఠాణాపైకి పోవునపుడును ఆతడు ముందుగా తెలిపియే పోయెను.

ధర్మబుద్ధి యొక్కటియే యుద్ధమును గెలువదను సత్యమును దాచుట మా ఉద్దేశము కాదు. ప్రభుత్వము ప్రత్యేక దళములను దింపినది. రాజును పట్టి యిచ్చినవారికి 10,000 రూపాయలని ప్రకటించినది. 1922 డిసెంబరు 6వ తేదీన పెద్దగడ్డపాలెమునొద్ద నెదురెదురుగా జరిగిన పోరులో రాజు అనుచరులు పలువురు నేలకొఱిగిరి. ఆనాటి సర్కారు సేనల చేత లూయిస్ మరతుపాకులుండెను. అట్టి తుపాకి యొక్కటి నిమిషమునకు 500లకు పైగా తూటాలు కాల్చును. మూడు ఠాణాలలో దొరికిన తూటాలన్నియు దానికి ఐదు నిమిషముల మేత. ఇంతకంటె ఆ సంగ్రామపు అసమానతను తెలుపు మాట లేదు. 1923 సెప్టెంబరులో మల్లు దొర పట్టుబడెను. 1924 ఆరంభమున అస్సాము రైఫిల్సు దళము వచ్చినది. ఏప్రిలులో రూథర్ ఫర్డు ప్రత్యేక కమీషనరుగా నియమితుడై మన్యపు గూడెములను దిగ్బంధము చేసెను.

రాజు చేపట్టిన మార్గము సరియైనదా యను ప్రశ్న ఆనాడే పుట్టినది. అహింసా దీక్ష వహించిన కాంగ్రెసువారిలో పెక్కురు దానిని ఒప్పుకొనలేదు. 1929లో గాంధీమహాత్ముడు ఆతని హింసామార్గమును అంగీకరింపకయే ఆతని త్యాగమును ధైర్యమును కొనియాడెను. ఈ రెండును ఒక్క నోట రావచ్చును, వచ్చుటయే న్యాయము. తుపాకి పేలిన తరువాత దాని ఫలమును పేల్చినవాడొక్కడే అనుభవింపడు. మన్యపు పల్లెలు రెండేండ్లకు దాపుగా సేనల రాకపోకలను, సోదాలను, ఆకలిని సహించినవి. ఉభయపక్షములందును ప్రాణములు పోయినవి. దీనిని మఱచి వీరగాథ పాడువాడు వీరునకే అన్యాయము చేయును. ఏలయన ఆ భారమును అందఱికంటె మిన్నగా ఎఱిగినవాడు ఆతడే.

1924 మే 7వ తేదీన మంపకు సమీపమున రాజు పట్టుబడెను. కొయ్యూరునకు కొనిపోయి, విచారణ లేక, న్యాయస్థానము లేక, మేజరు గుడాలు ఆతనిని కాల్చి చంపించెను. పాఱిపోజూచెనని సర్కారు చెప్పినది. చెట్టునకు గట్టి కాల్చిరని జనులు చెప్పిరి. ఏది యెట్లున్నను చేజిక్కిన ఖైదీ న్యాయాధిపతి యెదుటికి పోకయే చచ్చెను. అప్పటికి ఆతని వయస్సు 26 సంవత్సరములు. కృష్ణదేవిపేటలో ఆతని సమాధి కలదు.

ఇపుడు దామనపల్లిని కొయ్యూరుతో పోల్చి చూడవలెను. ఒకచోట తుపాకి పట్టి నెల దాటిన అడవిమనుష్యులు తమ యెదుట నడచిపోవు పోలీసును విడిచిరి. మఱియొకచోట జీవితమంతయు ఆయుధవిద్యలో ఆరితేరిన సేనాధికారి చేజిక్కినవానిని విడువలేదు. గురి ఎవనిది గొప్పయని అడిగిన సేనాధికారిదే. ఆయుధమునకు అర్హుడెవడని అడిగిన సమాధానము మఱొకటి. ఒక రాజ్యము నిరాయుధులను జేసిన ప్రజలు ఆ రాజ్యపు సైనికునికంటె ఆయుధధర్మమును మిన్నగా నెఱిగియుండిరనుట ఆ చట్టమునకే తలవంపు.

కథ అంతటితో ముగియలేదు. గంతన్న దొర 1924 జూనులో పోరాడి చనిపోయెను. మల్లు దొర దీర్ఘకాలము చెఱననుభవించి బయటికి వచ్చెను. 1952లో స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు జరుగగా, విశాఖపట్టణము నియోజకవర్గమునుండి ఆతడు లోకసభకు ఎన్నికయ్యెను. చింతపల్లి ఠాణాలో సర్కారు తుపాకి నందుకొన్నవాడు ముప్పదియేండ్లకు ప్రజల వోటు నందుకొనెను. తుపాకిచేత కోరినది వోటుచేత లభించు కాలము వచ్చినపుడు తుపాకిని క్రిందనుంచుట ఎట్లో ఆ వృద్ధవీరుడు చూపెను.

నేడు మన బాలురకు ఆయుధమనిన వేడుక మెండు. తెరమీద నాయకుడు ఒక్క చేత రివాల్వరు త్రిప్పుచు పదుగురిని పడగొట్టుట చూచి, శౌర్యమనగా అదియే యని తలచువారు కలరు. గురికొట్టుట ఒక విద్య. క్రీడగా నేర్చిన మనస్సునకు నిలుకడ నిచ్చును. దేశరక్షణకు పోవువారికి అవసరము. నేర్వవలదని మేమనము. నేర్పువారు మాత్రము చింతపల్లితోపాటు దామనపల్లి కథను గూడ చెప్పవలెను. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు సీతారామరాజు జయంతినాడు విగ్రహమునకు పూలదండ వేయునపుడు, ఆతడు కాల్చిన తూటాలను లెక్కించుటతో తృప్తిపడక, ఆతడు కాల్చనీయక ఆపిన తూటాలను గూడ పిల్లలకు లెక్కించి చెప్పవలెనని కోరుచున్నాము.