కలియుగ భీముడు: బలానికి కొలత ఏది?

తెలుగునాట బలవంతుల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ముందుగా స్మరణకు వచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది. ప్రజలు ఆయనను కలియుగ భీముడని పిలుచుకొన్నారు. ఆయన గతించి ఎనిమిది దశాబ్దాలు దాటినా, ఆయన గొప్పా, ఇతర మల్లులు గొప్పా అనే వాదం తరగతి గదులలోనూ రచ్చబండల మీదా తలెత్తుతూనే ఉంటుంది. ఎవరు గొప్ప అని అడిగే ముందు, గొప్పతనాన్ని దేనితో కొలవాలో తేల్చుకోవలసి ఉన్నది. రామమూర్తిగారి జీవితం ఆ కొలతను మనకు చూపుతుంది.

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో 1880 దశకంలో ఆయన జన్మించారు. బాల్యంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. పుస్తకం కంటె గోదా ఆ బాలుని ఎక్కువగా ఆకర్షించింది. దండీలు, బస్కీలు, కుస్తీ నిత్యకృత్యాలైనవి. యౌవనంలో మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులైనారు. లోకం ఆయనను సర్కసు వీరుడుగా ఎరుగును గాని, అంతకుముందు ఆయన పిల్లలకు కసరత్తు నేర్పిన పంతులు.

పిమ్మట సొంత సర్కసు సంస్థను నెలకొల్పి దేశమంతటా సంచరించారు. రొమ్ముకు ఇనుపగొలుసు బిగించి, ఊపిరి పూరించి తెంచివేయడం, కదలబోయే మోటారుకారును పట్టి నిలపడం, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. ఇంగ్లండులో రాజదంపతుల సమక్షాన బలప్రదర్శన చేసి ఇండియన్ హెర్కులిస్ అనిపించుకొన్నారని ఆయన చరిత్ర చెప్పేవారంటారు.

ఆ కాలంలోనే గోదాలో అజేయుడుగా పేరొందినవాడు గామా పహిల్వాన్. 1910లో లండనులో తనకంటె ఎంతో బరువైన జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడినా జయాపజయాలు తేలలేదు. మరుసటి వారం జిబిస్కో రానందున విజయం గామాకు దక్కింది. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను గామా నిమిషం గడవకముందే పడగొట్టినాడు. మరి గామా గొప్పవాడా, రామమూర్తి గొప్పవాడా? కుస్తీలో ఎదిరి ఎత్తును కనిపెట్టి, దానికి ప్రతి ఎత్తు వేయాలి. గొలుసు తెంచడానికి ఊపిరి బిగువు కావాలి. ఏనుగును మోయడానికి ఓర్పు కావాలి. ఇవి వేర్వేరు విద్యలు. వీటిని ఒకే త్రాసులో తూచలేము.

ఒకే విద్యలోనైనా తూనిక సులభం కాదు. మన పల్లె జాతరలలో కుస్తీ పట్టించే పెద్దలు ఒళ్లూ వయసూ చూచి జోడీ కుదురుస్తారు. బాక్సింగులో ఆ పని త్రాసు చేస్తుంది. 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బు బాక్సర్లను ఎనిమిది బరువు తరగతులుగా ఏర్పరచింది. అందులో అన్నిటికంటె చిన్న తరగతికి పరిమితి 112 పౌనులు, అనగా సుమారు 51 కిలోలు. అన్నిటికంటె పెద్దది 175 పౌనులకు పైబడినవారిది. ఈ ఏర్పాటుకు ప్రకృతిలోనే ఆధారం ఉన్నది. దేహం అన్ని వైపులా రెండింతలైతే కండరాల అడ్డుకొలత నాలుగింతలవుతుంది. బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. కండరబలం అడ్డుకొలతను అనుసరిస్తుంది. కనుక పెద్ద దేహి మొత్తంమీద ఎక్కువ బరువెత్తినా, చిన్న దేహి తన బరువుతో పోల్చుకొంటే ఎక్కువ ఎత్తుతాడు. 51 కిలోల విజేతనూ 100 కిలోల విజేతనూ ఒకే బరిలో నిలిపి తీర్పు చెప్పడం న్యాయం కాదు. తనకు దక్కిన దేహంతో ఎవడెంత సాధించినాడన్నదే సరియైన కొలత.

ఈ కొలతకు రామమూర్తిగారి చరమదశ కఠిన పరీక్ష పెట్టింది. కాలికి లేచిన పుండు ముదరడంతో ఆ కాలును తీసివేయవలసి వచ్చింది. మోటార్లను నిలిపిన మనిషి నిలబడడానికే ఆధారం వెతుక్కొన్నారు. బలాన్ని మణుగులలో లెక్కించేవారికి ఆనాటితో ఆయన గొప్పతనం ముగిసినట్లే. 1942లో ఆయన కన్నుమూశారు. అయినా ఆయన పేరు చెప్పుకొని కసరత్తుకు పూనుకొన్న యువకులు ఆంధ్రదేశంలో ఊరూరా ఉండిరి. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం నేటికీ నిలిచి ఉన్నది.

పాఠశాల మైదానంలో బొద్దుపిల్లవాడూ బక్కపిల్లవాడూ ఒకే వరుసలో నిలబడతారు. ఎవడు ముందు వచ్చినాడో చూచి బహుమతి ఇవ్వడం తేలిక. నిరుటికంటె ఈ ఏడు ఎవడెంత ఎదిగినాడో గుర్తించడమే ఉపాధ్యాయుని పని. విజయనగరంలో ఒకనాడు వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిన ఆ మహాబలుని తలచుకొనేటప్పుడు ఈ సంగతిని కూడా తలచుకొనడం ఉచితం.