ఆట అతనిది.. కాగితం క్లబ్బుది!

ఐపీఎల్ వేలం అంటే మనకు పండగ. ఎవరు ఎన్ని కోట్లు పలికారో వేళ్ల మీద లెక్క చెప్పేస్తాం. 1906 నవంబరులో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరంలో, క్వీన్స్ హోటల్‌లోనూ ఫుట్‌బాల్ ఆటగాళ్ల అమ్మకం ఒకటి జరిగింది. కాకపోతే అది పండగ కాదు, శిక్ష. మాంచెస్టర్ సిటీ క్లబ్బు రూల్‌కి మించి జీతాలిచ్చిందని తేలడంతో, 17 మంది ఆటగాళ్లు ఇక ఆ క్లబ్బుకు ఆడకూడదని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆర్డర్ వేసింది. దాంతో క్లబ్బు వాళ్లను మిగతా క్లబ్బులకు అమ్మకానికి పెట్టింది. అందరిలోకీ పెద్ద స్టార్ మాత్రం అప్పటికే పక్క క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌తో మాట్లాడేసుకున్నాడు. అతని పేరు బిల్లీ మెరెడిత్.

గని నుంచి గ్రౌండ్‌కి

మెరెడిత్ 1874 జులై 30న వేల్స్‌లోని చర్క్ దగ్గర పుట్టాడు. బొగ్గుగనుల ప్రాంతం. 12 ఏళ్లకే గనిలో పనికి దిగాడు. 1894లో మాంచెస్టర్ సిటీలో చేరాక కూడా కొన్నాళ్లు గని పని వదల్లేదు. ఆట ఎప్పుడైనా ఆగిపోవచ్చు, చేతిలో ఉన్న పని ఎందుకు పోగొట్టుకోవాలన్నది లెక్క.

కుడివైపు లైను వెంట పరిగెత్తే వింగర్ అతను. నోట్లో టూత్‌పిక్ నములుతూ ఆడేవాడు. 1904 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో కెప్టెన్‌గా ఉండి, బోల్టన్‌పై మ్యాచ్‌లోని ఏకైక గోల్ కొట్టి సిటీకి కప్పు తెచ్చిపెట్టాడు.

జీతానికి సీలింగ్.. ధరకు లేదు

అంత పేరున్నా అతని వారం జీతం, రూల్ ప్రకారం, 4 పౌండ్లు దాటకూడదు. 1901 నుంచి ఇంగ్లండ్‌లో ఆటగాళ్లందరికీ అదే సీలింగ్. దీనికి తోడు 1893 నుంచి ఇంకో రూల్ ఉంది. ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలో ఉంటుంది. ఒప్పందం గడువు అయిపోయినా సరే, క్లబ్బు వదిలితే తప్ప లీగ్‌లో ఇంకో క్లబ్బుకు ఆడటానికి లేదు. వదలాలంటే కొత్త క్లబ్బు డబ్బు కట్టాలి. ఆ డబ్బు వెళ్లేది పాత క్లబ్బుకే.

1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడిని సండర్లాండ్ నుంచి మిడిల్స్‌బ్రో 1,000 పౌండ్లకు కొంది. నాలుగంకెల ధర పలకడం అదే మొదటిసారి. వారానికి 4 పౌండ్ల జీతంతో అంత మొత్తం సంపాదించాలంటే 250 వారాలు, అంటే ఐదేళ్లకు దగ్గరగా పడుతుంది. ఆటగాడి జీతానికి సీలింగ్ ఉంది కానీ అతని మీద క్లబ్బు చేసుకునే బేరానికి లేదన్నమాట.

మచ్చ కూడా ఉంది

మెరెడిత్ కథలో అంతా వెలుగే కాదు. 1905లో ఆస్టన్ విల్లాతో కీలక మ్యాచ్‌కు ముందు, ఓడిపోవడానికి విల్లా కెప్టెన్‌కు 10 పౌండ్లు ఇవ్వజూపాడని అతనిపై ఆరోపణ వచ్చింది. సస్పెండ్ అయ్యాడు. మొదట కాదన్నాడు. తర్వాత మేనేజర్ చెబితేనే చేశానన్నాడు. క్లబ్బు తనను ఆదుకోలేదన్న కోపంతో దొంగచాటు జీతాల సంగతి బయటపెట్టేశాడు. హోటల్‌లో అమ్మకం దాకా వచ్చింది అలాగే.

సస్పెన్షన్ ముగిశాక, 1907 జనవరి 1న యునైటెడ్ తరఫున దిగాడు. మొదటి మ్యాచ్ మళ్లీ ఆస్టన్ విల్లాతోనే. అతనిచ్చిన పాస్‌ను శాండీ టర్న్‌బుల్ గోల్‌గా మలిచాడు. 1-0తో గెలుపు.

యూనియన్ పెట్టారు

అదే ఏడాది డిసెంబరు 2న మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో ఆటగాళ్ల సమావేశం జరిగింది. అధ్యక్షత వహించింది మెరెడిత్. అక్కడ పుట్టిన ప్లేయర్స్ యూనియన్ జీతాల సీలింగ్, ట్రాన్స్‌ఫర్ రూల్ రెండూ పోవాలంది.

1909లో అసోసియేషన్ అల్టిమేటం ఇచ్చింది. జులై 1లోగా యూనియన్ నుంచి బయటికి రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. చాలామంది వెనక్కి తగ్గారు. మెరెడిత్, కెప్టెన్ చార్లీ రాబర్ట్స్ సహా యునైటెడ్ ఆటగాళ్లు మాత్రం తగ్గలేదు. అవుట్‌కాస్ట్స్ ఎఫ్‌సీ, అంటే వెలివేసినవాళ్ల జట్టు, అని తమకు తామే పేరు పెట్టుకుని ప్రాక్టీస్ చేశారు. అప్పటికి మెరెడిత్ వయసు 35. ఆట పోతే వెనక్కి వెళ్లడానికి గని తప్ప వేరే డిగ్రీ లేదు.

సీజన్ మొదలయ్యే ముందు రోజు, ఆగస్టు 31న రాజీ కుదిరింది. యూనియన్‌కు గుర్తింపు దక్కింది. సీలింగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత ట్రాన్స్‌ఫర్ రూల్ మీద హెర్బర్ట్ కింగబీ అనే ఆటగాడు వేసిన కేసుకు యూనియన్ అండగా నిలబడింది. 1912లో ఓడిపోయింది. ఆ ఖర్చుతో యూనియన్ దివాలా అంచుకు వెళ్లింది.

చూడకుండానే..

మెరెడిత్ ఆట ఆగలేదు. యునైటెడ్‌తో 1908, 1911లో లీగ్ టైటిళ్లు, 1909లో ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. వేల్స్‌కు 48 మ్యాచ్‌లు ఆడాడు. చివరిది 45 ఏళ్ల వయసులో, 1920లో ఇంగ్లండ్‌పై గెలిచిన మ్యాచ్. 1921లో ఫ్రీ ట్రాన్స్‌ఫర్ మీద సిటీకి తిరిగొచ్చాడు. ఈసారి అతని పేరు మీద ఎవరికీ పైసా ముట్టలేదు. 1924లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌లో చివరిసారి ఆడేనాటికి అతనికి 49 ఏళ్లు.

1958 ఏప్రిల్ 19న మాంచెస్టర్‌లో చనిపోయాడు. సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. మూడేళ్ల తర్వాత, 1961లో, జీతాల సీలింగ్ పోయింది. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో ఆటగాడిని అలా పట్టి ఉంచడం అన్యాయమని కోర్టు చెప్పింది. 1995లో బోస్మన్ తీర్పుతో యూరప్‌లో ఒప్పందం ముగిసిన ఆటగాడు ఫీజు లేకుండా వెళ్లే వీలు కలిగింది. యూనియన్, వేల్స్ సంఘం, సిటీ, యునైటెడ్ కలిసి 2001లో అతని సమాధికి రాయి పెట్టించాయి.

కథ అక్కడితో ఆగలేదు. క్లబ్బు చేయి వదులయ్యాక బయటి కంపెనీలు దూరాయి. ఆటగాడి భవిష్యత్ ట్రాన్స్‌ఫర్ డబ్బులో ముందే వాటా కొనేసే బిజినెస్ ఇది. వాటాదారుకు లాభం రావాలంటే ఆటగాడు అమ్ముడుపోవాలి. అతనికి అక్కడే ఉండాలని ఉన్నా సరే! 2006లో టెవెజ్, మస్కెరానోలను ఇలాంటి ఏర్పాటు మీదే తీసుకున్న వెస్ట్‌హామ్‌కు 55 లక్షల పౌండ్ల జరిమానా పడింది. 2015 మే నుంచి ఫిఫా దీన్ని నిషేధించింది.

మన దగ్గర ఆఫర్ లెటర్ రాగానే ముందు చూసేది ప్యాకేజీ. ఆ కింది పేజీల్లో బాండ్ ఎన్నేళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి ఉంటాయి. మెరెడిత్ తరానికి ఆ షరతులపై బేరమాడే వీలే లేదు. మీకు ఉంది. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే అడగండి.