తుపాను దారిని కనుగొన్న ఫ్రాంక్లిను

అమెరికా సంయుక్త రాష్ట్రములకు తూర్పున అట్లాంటికు మహాసముద్రము గలదు. ఆ తీరము పొడవునను బోస్టను, న్యూయార్కు, ఫిలడెల్ఫియా మున్నగు నగరములు వెలసియున్నవి. శీతకాలము వచ్చినదనిన ఆ నగరములవారి కొక భయము. ఈశాన్యదిక్కునుండి చలిగాలి బలముగా వీచుట మొదలిడును. ఆకాశమంతయు మబ్బు క్రమ్మును. చూచుచుండగనే దూదిపింజలవలె మంచు కురియసాగును. ఒక్క రాత్రిలో వీథులును, గడపలును, బండ్లును మంచులో కూరుకొనిపోవును. సముద్రము పొంగి పడవలను ఒడ్డునకు విసరికొట్టును. గాలి ఈశాన్యమునుండి వీచుటచేత అచటివారు దీనిని ఈశాన్యపు తుపాను అని పిలుతురు.

మన కోస్తా జిల్లాలవారు మంచు తుపాను నెఱుగరు. కాని తుపాను రానున్నదను వార్త యెంత విలువగలదో మనవారికి చక్కగా తెలియును. ఆ వార్త ముందుగా అందినచో వేటకు పోవలసిన పడవలు ఒడ్డుననే నిలుచును. పల్లపు ప్రాంతముల ప్రజలు మెఱక చేరుదురు. అందనిచో ప్రాణములే పోవును. రాబోవు తుపానును ముందుగా తెలిసికొనవచ్చునను ఆశకు అమెరికా తీరమున మొట్టమొదట దారిచూపినవాడు ఒక అచ్చుపనివాడు. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిను.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. అప్పటికి అమెరికా తీరప్రాంతములు ఆంగ్లేయుల వలసలుగా నుండెను. తండ్రి జోసయా క్రొవ్వువత్తులు, సబ్బు చేసి అమ్ముకొనుచు జీవించువాడు. ఆయనకు పదునేడుగురు బిడ్డలు. వారిలో ఫ్రాంక్లిను పదునైదవవాడు. ఇంత పెద్ద సంసారమున చదువునకు వ్యయము చేయుట ఆ తండ్రికి శక్తికి మించిన పని యయ్యెను. అందుచే బాలుడు రెండేండ్లు మాత్రమే బడికి పోయెను. పండ్రెండవయేట అన్నయగు జేమ్సు అచ్చుకూటమున పని నేర్చుకొనుటకు కుదిరెను. పగలు అక్షరములు కూర్చుచు, రాత్రులు దొరకిన పుస్తకమునెల్ల చదువుచు అతడు తన చదువును తానే సాగించుకొనెను.

అన్నదమ్ములకు పొత్తు కుదురలేదు. 1723లో ఫ్రాంక్లిను ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరెను. అప్పుడతనికి పదునేడేండ్లు. ఆ నగరమున అతని నెఱిగినవా రొక్కరును లేరు. చేతిలో సొమ్ము కొలదిగా నుండెను. అయినను పనిలో నేర్పు, మాటలో నిజాయితీ అతనిని కాపాడెను. కొన్ని యేండ్లకు స్వంత అచ్చుకూటము నెలకొల్పెను. 1729లో ఒక వార్తాపత్రికను కొని నడపసాగెను. 1731లో మిత్రులతో కలిసి చందాలు వేసికొని గ్రంథాలయము స్థాపించెను.

1732లో అతడు ఒక పంచాంగమును ప్రకటింప మొదలిడెను. ఆ కాలమున అమెరికాలో పంచాంగము లేని యిల్లు అరుదు. సూర్యోదయాస్తమయములు, చంద్రుని కళలు, గ్రహణములు, సముద్రపు పోటుపాటులు అందులో నుండెడివి. ఏ దినమున వాన కురియునో, ఏ దినమున గాలి వీచునో అనునదియు వ్రాయబడుచుండెను. గ్రహణము చెప్పిన దినమున తప్పక వచ్చెడిది. వాన మాత్రము చెప్పిన దినమున వచ్చుట అరుదు. గ్రహణమునకు గణితము గలదు. వానకు గలది ఊహ మాత్రమే. ఫ్రాంక్లిను ఈ భేదమును బాగుగా ఎఱిగినవాడు. తన పంచాంగమునందలి వానజోస్యములను చూచి తానే పరిహాసము చేసికొనెడివాడు. కాని వాననుగూర్చి ఊహకు మించి ఏమియు తెలిసికొనలేమా అను ప్రశ్న మాత్రము అతనిని విడువలేదు.

1743వ సంవత్సరమున ఆ ప్రశ్నకు తగిన సందర్భము లభించెను. ఆ యేడు అక్టోబరు 21వ తేదీ శుక్రవారము రాత్రి సుమారు తొమ్మిది గంటలకు చంద్రగ్రహణము పట్టవలసియుండెను. ఇది ఆనాటి పాత లెక్క. నేటి లెక్కకు అది నవంబరు 1వ తేదీ. ఫ్రాంక్లిను గ్రహణమును చూడగోరి ఎదురుచూచుచుండెను. ఇంతలో ఏడు గంటల ప్రాంతమున ఈశాన్యమునుండి గాలి విజృంభించెను. మబ్బులు ఆకాశమును పూర్తిగా కప్పివేసెను. తొమ్మిది గంటలైనది, గ్రహణము పట్టినది, విడిచినది. ఫిలడెల్ఫియాలో ఒక్క నక్షత్రమైనను కంటికి కానరాలేదు. ఫ్రాంక్లిను నిరాశతో మిన్నకుండవలసివచ్చెను.

కొన్ని దినముల పిమ్మట బోస్టను వార్తాపత్రికలు అతనికి చేరెను. వానిలో తుపానునుగూర్చిన వార్తయు నుండెను. గ్రహణమును కన్నులార చూచినట్టి వార్తయు నుండెను. ఫ్రాంక్లిను ఆశ్చర్యపడెను. బోస్టను ఫిలడెల్ఫియాకు ఈశాన్యమున సుమారు 300 మైళ్ల దూరమున నున్నది. గాలి వీచినది ఈశాన్యమునుండియే కదా! అట్లయిన తుపాను మొదట బోస్టనును తాకి, పిదప ఫిలడెల్ఫియాకు రావలెను. ఫిలడెల్ఫియాలో ఏడు గంటలకే మబ్బు క్రమ్మినచో, బోస్టనులో అంతకు ఎంతో ముందుగనే క్రమ్మియుండవలెను. అచటివారికి గ్రహణ మెట్లు కనబడెను?

మఱియొకడైనచో ఇది యేదో వింత యని ఊరకుండెడివాడు. ఫ్రాంక్లిను ఊరకుండలేదు. బోస్టనులోని తన సోదరునకు జాబు వ్రాసి, తుపాను ఏ గంటకు మొదలైనదో తెలుపుమని కోరెను. రాత్రి పదునొకండు గంటల ప్రాంతమువఱకు తుపాను రానేలేదనియు, గ్రహణము చక్కగా కనబడినదనియు ప్రత్యుత్తరము వచ్చెను. అతడు అంతటితో తృప్తి పడక, తీరము వెంబడి నున్న ఇతర వలసలవారి సమాచారమును కూడ సేకరించి గంటలను సరిపోల్చి చూచెను. ఈశాన్యమునకు పోయినకొలది తుపాను ఆలస్యముగా మొదలైనట్లు తేలెను.

దీని భావమేమి? గాలి ఈశాన్యమునుండి నైరృతికి వీచుచున్నది. కాని తుపాను మాత్రము నైరృతినుండి ఈశాన్యమునకు ప్రయాణము చేయుచున్నది! గాలి వచ్చు దిక్కు వేఱు, తుపాను వచ్చు దిక్కు వేఱు. తుపాను అనునది పుట్టినచోటనే ఉండి అణగిపోవునది కాదు. అదియొక బాటసారివలె ఊరినుండి ఊరికి నడచిపోవునది.

ఫ్రాంక్లిను దీనిని ఒక ఉపమానముతో వివరించెను. నిండుగా నీరు నిలిచియున్న కాలువకు ఒక చివర తలుపు గలదనుకొనుడు. ఆ తలుపు నెత్తినచో మొదట దాని చెంతనున్న నీరు కదలును. పిదప దాని వెనుకనున్న నీరు, ఆ పిదప ఇంకను వెనుకనున్న నీరు కదలును. నీరు తలుపువైపునకే పాఱుచున్నను, కదలిక మాత్రము తలుపునుండి వెనుకకు ప్రాకును. అట్లే దక్షిణమున ఎండ వేడిమికి గాలి తేలికపడి పైకి లేచుననియు, ఆ చోటు నింపుటకు ఉత్తరపు గాలి వరుసగా కదలివచ్చుననియు అతడు ఊహించెను.

ఈ విషయమును అతడు 1750లో ఒక మిత్రునకు జాబులో వ్రాసెను. అంతకు ముందే, 1749లో లూయిస్ ఎవాన్సు ప్రకటించిన దేశపటముపై కూడ ఈ సంగతి అచ్చుపడియుండెను. కాని ఆ కాలమున ఈ జ్ఞానము తీరవాసులను కాపాడలేకపోయెను. తుపాను ఫిలడెల్ఫియానుండి బోస్టనుకు కొన్ని గంటలలో చేరెను. టపా తీసికొనిపోవు గుఱ్ఱమునకు ఎన్నో దినములు పట్టెడిది. ఫ్రాంక్లిను 1737నుండి ఫిలడెల్ఫియాకు పోస్టుమాస్టరు. 1753లో వలసలన్నిటి తపాలాను నిర్వహించు ఇరువురు అధికారులలో నొకడయ్యెను. తపాలా వేగమును ఎంత పెంచినను గుఱ్ఱము తుపానును మించి పరుగిడజాలదు కదా!

ప్రకృతినిగూర్చి అతని కుతూహలమునకు అంతులేదు. 1752లో గాలిపటము నెగురవేసి, పిడుగు విద్యుచ్ఛక్తియే యని నిరూపించిన కథ లోకవిదితము. ఎత్తైన కట్టడములను పిడుగుపాటునుండి కాపాడు ఇనుపకడ్డీని కూడ అతడే కనిపెట్టెను. 1755లో మేరీలాండు ప్రాంతమున మిత్రులతో గుఱ్ఱముపై పోవుచుండగా ఒక సుడిగాలి కనబడెను. తక్కినవారు ఆగి చూచుచుండగా, ఫ్రాంక్లిను దాని ప్రక్కనే గుఱ్ఱమును తోలి, కొరడాతో దానిని కొట్టి విఱుగునేమో యని పరీక్షించెను. మఱియొకప్పుడు ఎండకాయుచున్న దినమున మంచుపై రంగురంగుల గుడ్డముక్కలను పఱచెను. నల్లని గుడ్డ క్రింది మంచు ఎక్కువగా కరగి అది లోతుగా దిగెను. తెల్లని గుడ్డ కదలకుండెను. ఏ రంగు ఎండ వేడిమిని ఎంత గ్రహించునో దీనివలన తెలిసికొనెను.

ఇంగ్లండునుండి వచ్చు టపా ఓడలు ఇతర ఓడలకంటె ఆలస్యముగా చేరుటకు కారణమేమని కూడ అతడు విచారించెను. నావికుడగు బంధువు తిమోతీ ఫోల్జరు ఆ రహస్యమును చెప్పెను. అమెరికా తీరమునకు దూరముగా సముద్రమున వెచ్చని నీరు నదివలె ప్రవహించుచున్నది. టపా ఓడలు దానికి ఎదురీదుచున్నవి. ఇరువురును కలిసి ఆ ప్రవాహమునకు పటము వ్రాయించిరి. దీనినే గల్ఫు ప్రవాహ మందురు. భూమిపైనుండి వచ్చు అతిశీతలమగు గాలియు, ఈ వెచ్చని నీటిపై నుండు తేమగాలియు తీరమున కలియుటచేతనే ఈశాన్యపు తుపానులు బలపడునని తరువాతివారు గ్రహించిరి. ఫ్రాంక్లిను తుపాను దారిని ఒకచోటను, దాని బలమునకు మూలమును వేఱొకచోటను వెదకెను గాని, ఆ రెంటికిగల సంబంధమును చూడలేదు.

పిదప దేశసేవ అతని కాలమును హరించెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో నతడొకడు. 1778లో ఫ్రాన్సుతో మైత్రి కుదిర్చెను. 1783లో ఇంగ్లండుతో సంధి చేసినవారిలో నొకడయ్యెను. ఆ యేటి వేసవిలో ఐరోపాఖండమంతట ఒక పొడిమంచు వంటి పొగ క్రమ్మి సూర్యకాంతిని మందగింపజేసెను. తరువాతి శీతకాలము మిక్కిలి కఠినముగా నుండెను. ఐసులాండు అగ్నిపర్వతపు పొగ దీనికి కారణము కావచ్చునని డెబ్బదియెనిమిదేండ్ల ఫ్రాంక్లిను 1784లో వ్రాసెను. 1790 ఏప్రిలు 17వ తేదీన ఫిలడెల్ఫియాలో, ఎనుబదినాలుగవయేట అతడు దివంగతుడయ్యెను.

అతడు విడిచిన పనిని తరువాతివారు కొనసాగించిరి. తుపాను ముందునకు నడచుటయే గాక సుడివలె తిరుగుచుండునని 1831లో విలియం రెడ్‌ఫీల్డు ప్రకటించెను. నైరృతినుండి వచ్చు తుపానులో ఈశాన్యపు గాలి ఏల వీచునో దీనివలన తేటపడెను. ఫ్రాంక్లిను చెప్పిన కాలువ ఉపమానము చాలదని తేలినను, అతడు చూపిన దారి మాత్రము నిజమయ్యెను. 1844లో టెలిగ్రాఫు నడచుట మొదలిడెను. తుపానును మించి పరుగిడగల వార్తాహరుడు లభించెను. 1870 నవంబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వము 24 కేంద్రములలో ఒకేమారు వాతావరణమును కొలిపించి, టెలిగ్రాఫు ద్వారా తెప్పించెను. ఫ్రాంక్లిను మబ్బు మాటున గ్రహణమును పోగొట్టుకొనిన రాత్రికి అప్పటికి సరిగా 127 సంవత్సరములు.

అంతమాత్రమున భయము తీరలేదు. 1888 మార్చి 11వ తేదీన న్యూయార్కులో వాన కురిసెను. వాతావరణాధికారులు తీవ్రమైన తుపానును ఊహింపలేదు. అర్ధరాత్రి దాటగా వాన మంచుగా మాఱెను. తీగలు తెగిపడెను, రైళ్లు దారిలోనే నిలిచిపోయెను. నగరమున సుమారు 21 అంగుళముల మంచు కురిసెను. ఆ ప్రాంతమంతటను నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. సముద్రముపై ఏమి జరుగుచున్నదో తీరమునకు తెలుపు సాధనము అప్పటికి లేకుండెను.

తరువాతి కాలమున రేడియో, రాడారు, కృత్రిమోపగ్రహములు, గణనయంత్రములు ఆ లోటును చాలవఱకు తీర్చినవి. 1993 మార్చిలో తూర్పుతీరమును ముంచిన మహాతుపానును ఐదు దినములు ముందుగనే చెప్పగలిగిరి. నేడు మంచు తుపాను రానున్నదనిన తీరనగరములలో అధికారులేగాక, వాతావరణమునందు ఆసక్తిగల సామాన్యులును రాత్రింబవళ్లు పటములను చూచుచుందురు. తుపాను దారి కొన్ని మైళ్లు తీరమువైపు జరిగినచో మంచుకు బదులు వానయే కురియును. సముద్రమువైపు జరిగినచో ఏమియు రాకపోవచ్చును. అందుచే చివరి గంటవఱకు వారి ఉత్కంఠకు అంతము లేదు. గ్రహణమువలె నిమిషము తప్పక చెప్పుట నేటికిని సాధ్యము కాలేదు.

అయినను ఊహకును జ్ఞానమునకును నడుమ మొదటి మెట్టు వేసినవాడు ఫ్రాంక్లిను. ఆ రాత్రి అతని కన్నులకు చంద్రుడు కనబడలేదు. తాను చూడలేనిదానిని మఱియొక ఊరివారు చూచియుందురని తెలియగనే అతడు వారిని అడిగెను. వారు చెప్పినదానిని ఓర్పుతో సరిపోల్చెను. ఒక్కచోట నిలిచి చూచినవానికి తుపాను గాలిగా మాత్రమే తోచును. పదిచోట్ల చూచినవారి మాటలను కూర్చినవానికి అది దారి గల బాటసారిగా కనబడును. నేటి వాతావరణశాస్త్రమునకు ఆధారము ఈ చిన్న సూత్రమే.