మొక్కల తేడా తెలిసిన డాక్టర్ రాక్స్‌బర్గ్

హకీం సాహెబ్ గుండె మందు కోసం తెల్లమద్ది బెరడు తెమ్మని చీటీ రాశారనుకోండి. తెచ్చేవాడు నల్లమద్ది బెరడు తెస్తే రోగికి అందేది ఆ మందు కాదు. రెండూ ఒకే ఖాందాన్ చెట్లు. రెండింటి కాయలకూ అయిదేసి రెక్కలుంటాయి. అయినా ఒకటి మరొకటి కాదు. ఇలా పోలికలున్న అడవి మొక్కలను వేటికవి గుర్తుపట్టే ఇల్మ్ కోసం జీవితాన్ని ధారపోసిన ఒక వైద్యుడు, రెండు వందల ఏళ్లకు పూర్వం మన తెలుగునేల మీదే పన్నెండేళ్ల పాటు పనిచేశారు. ఆయనే విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండ్‌లో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ఉస్తాద్ వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసు కొలువులో చేరారు. దక్షిణాదిన మొక్కలు సేకరిస్తున్న కోనిగ్ ఆయనకు దారి చూపించారు. ప్రపంచంలోని మొక్కలన్నింటికీ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు ఈ కోనిగ్ శిష్యుడు.

1781లో రాక్స్‌బర్గ్‌ను కాకినాడ దగ్గరి సామర్లకోటకు పంపారు. అక్కడ ఆయన ఒక తోట వేశారు. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియాల తీగ దొరికితే దాన్ని సాగు చేయించారు. కంపెనీకి కావలసింది వ్యాపారం. రాక్స్‌బర్గ్ ఆ పని చేస్తూనే మొక్కలను తెప్పించి, స్థానిక చిత్రకారుల చేత అసలు పరిమాణంలో రంగుల బొమ్మలు గీయించారు. ప్రతి మొక్కకూ వివరణ రాసి, దాని తెలుగు పేరు కూడా అడిగి చేర్చారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. లిన్నేయస్ పద్ధతిలో పువ్వులోని కేసరాలను లెక్కపెట్టి మొక్కలను విభజిస్తారు. దూరపు మొక్కలను వేరు చేయడానికి ఆ లెక్క సరిపోతుంది. దగ్గరి చుట్టాల విషయంలో మాత్రం లెక్క ఒకటే వస్తుంది. అప్పుడు ఆకు మీది నూగు, బెరడు, కాయ రెక్కల వెడల్పు, పూత కాలం చూడాలి. అన్నింటికీ మించి ఆ మొక్క ఎక్కడ నిలబడిందో చూడాలి. మద్దిచెట్లనే తీసుకోండి. తెల్లమద్ది వాగుల, ఏరుల ఒడ్డున పెరుగుతుంది. బెరడు నునుపుగా, తెల్లగా ఉండి పెళ్లలుగా ఊడుతుంది. నల్లమద్ది నల్లమల వంటి కొండ అడవుల చెట్టు. బెరడు నల్లగా, మొసలి చర్మంలా పగిలి ఉంటుంది. లేత ఆకు మీద నూగు, కాయకు వెడల్పాటి రెక్కలు ఉంటాయి. ఈ రెండింటినీ రాక్స్‌బర్గ్ రెండు జాతులుగా వర్ణించారు. ఆ విభజన నేటికీ నిలిచింది.

ఆయన వేరు చేసినవన్నీ నిలవలేదు. అందుగు చెట్టు అరబ్బు దేశాల్లో కుందుర్ ఇచ్చే చెట్టుకు దగ్గరి చుట్టం. దాని జిగురును మనవాళ్లు ధూపం వేస్తారు. నూగు లేని నున్నటి ఆకుల చెట్టును చూసి రాక్స్‌బర్గ్ అది వేరే జాతి అనుకున్నారు. నూగు ఉండటం, లేకపోవటం ఒకే జాతిలోని తేడా మాత్రమేనని తర్వాతివారు తేల్చి రెండింటినీ కలిపేశారు. అదే ఖాందాన్‌కు చెందిన తిరుమల కొండల చెట్టును 1961లో ప్రత్యేక జాతిగా గుర్తించారు. ఒక తల్లి పిల్లల్లో కనిపించే తేడా ఏది, రెండు వంశాల మధ్య తేడా ఏది అని తేల్చాలంటే ఒక్క కొమ్మ చూస్తే చాలదు. అనేక చెట్లను అనేక చోట్ల చూడాలి.

ఈ దారి మన పెద్దలకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ తన మొక్కల గ్రంథం కోసం ఎడారి అరబ్బుల నోటి మాటలను కూడగట్టారు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ బైతార్ స్పెయిన్ నుంచి సిరియా దాకా తిరిగి మొక్కలు అవి పెరిగే చోటే పరిశీలించారు. రాక్స్‌బర్గ్ కూడా ఇక్కడి అడవి తెలిసినవారిని అడిగే నేర్చుకున్నారు. జ్వరానికి వాడే సోమిచెట్టు బెరడును ఆయన లోకానికి తెలియజేశారు. మన తెలుగు పేరు నుంచే ఆ చెట్టుకు సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామం వచ్చింది.

1793లో ఆయన కలకత్తా కంపెనీ తోటకు అధిపతిగా వెళ్లారు. అనారోగ్యంతో 1813లో ఇండియా విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. ఆయన గీయించిన రెండున్నర వేలకు పైగా బొమ్మలు కలకత్తాలోనూ, లండన్ దగ్గరి క్యూ తోటలోనూ భద్రంగా ఉన్నాయి. ఆ గ్రంథంలో బొమ్మలు గీసినవారి పేర్లు లేవు. చెట్ల పేర్లు చెప్పినవారి పేర్లూ లేవు. వేలాది మొక్కలకు పేర్లు పెట్టిన ఆ కాలం వారిని పేరు లేకుండా వదిలేసింది.

అయినా వారి ఇల్మ్ నిలిచింది. మన అడవి పల్లెల్లో నేటికీ తెల్లమద్దిని, నల్లమద్దిని బెరడు చూసి చెప్పే పెద్దలున్నారు. పిల్లలను ఒకసారి వారి వెంట వాగు ఒడ్డుకూ, గుట్ట మీదికీ పంపితే ఆ పాఠం మరొక తరానికి అందుతుంది.